తొట్టిలో మడమొక్క, చెరువులో జమ్ము

రాబర్ట్‌సన్ పేట సోదరి ఒకరు ఈ శీర్షికకు ఒక ప్రశ్న పంపించారు. ఆమె పెద్ద మనవడు అమెరికాలో వుంటాడు. ఇంట్లో పెద్ద గాజుతొట్టి పెట్టి, ఉప్పునీరు నింపి, పగడాలనూ రంగుల చేపలనూ పెంచుతున్నాడు. "అవ్వా, ఇక వడపోత యంత్రం తీసేస్తాను. నాలుగు మడమొక్కలు నాటితే చాలు, అవే నీళ్లను శుభ్రం చేస్తాయట" అని ఫోనులో చెప్పాడట. ఆ మాట చెవిని పడి, ఇక్కడ కాలేజీలో చదివే చిన్న మనవడు తనకూ అలాంటి తొట్టి కావాలని పట్టుబట్టాడు. "చెట్టు నీళ్లను కడుగుతుందన్న మాట నిజమేనా? నిజమైతే మన కోలారు చెరువులకు కూడా ఆ మందే వేయరాదా?" అని ఆ సోదరి అడుగుతున్నారు.

ప్రశ్న చిన్నదే గాని, రెండో భాగంలో మన జిల్లా బాగోగులు ఇమిడి వున్నవి. అందుచేత ఈ నెల శీర్షిక అంతా దీనికే కేటాయించాము.

ముందుగా ఆ తొట్టి సంగతి చూద్దాము. దానిని రీఫ్ అక్వేరియం అంటారు. రీఫ్ అన్న మాట మన గనుల వాళ్లకు కొత్త కాదు. ఛాంపియన్ రీఫ్ పేరు పలకని రోజు మన పెద్దలకు వుండేది కాదు. గనిలో దిగినవారికి రీఫ్ అంటే బంగారం పట్టిన పలుగురాతి చార. నావికులకు మాత్రం రీఫ్ అంటే నీటి మట్టానికి కాస్త అడుగున దాగి, పడవ అడుగును చీల్చే రాతి దిబ్బ. వెచ్చని సముద్రాలలో అటువంటి దిబ్బలను కట్టేవి పగడపు జీవులు. చూడటానికి పువ్వులవలె వుండి, తమ చుట్టూ సున్నపు గూడు కట్టుకొనే ప్రాణులు అవి. వేల యేండ్లు తరతరాలుగా గూటి మీద గూడు కట్టగా దిబ్బ యేర్పడుతుంది. ఆ దిబ్బలో ఒక చిన్న ముక్కను ఇంట్లో బ్రతికించుకోవాలన్నదే ఈ సరదా.

బ్రతికించటం తేలిక కాదు. సముద్రం పెద్దది, తొట్టి చిన్నది. చేపకు మేత వేస్తాము. చేప తిని విసర్జిస్తుంది. ఆ విసర్జన, మిగిలిన మేత కలిసి అమ్మోనియా అవుతుంది. అది చేపకు విషం. అదృష్టవశాత్తు, రాళ్ల మీదా ఇసుక మీదా కంటికి కనపడని సూక్ష్మజీవులు వుంటవి. అవి అమ్మోనియాను నైట్రైటుగాను, తరువాత నైట్రేటుగాను మారుస్తవి. నైట్రేటు అంత ప్రమాదకరం కాదు. అయితే అది నీటిలోనే నిలవ వుండి రోజురోజుకూ పెరుగుతుంది. దానికి తోడు మేతలోని భాస్వరం. ఈ రెండూ ఎక్కువైన నీటిలో నాచు అల్లుకొని పగడాలను కప్పివేస్తుంది. మన పొలానికి ఎరువు అయినది తొట్టికి చెరుపు.

మామూలుగా దీనికి విరుగుడు రెండు పనులు. వారానికో పక్షానికో కొంత నీరు తీసి కొత్త ఉప్పునీరు పోయాలి. నురుగు యంత్రం పెట్టి, బుడగలతో మలినాన్ని పైకి లాగి పారవేయాలి. ఈ రెంటినీ తప్పించుకోవటానికే ఆ కుర్రవాడు మడమొక్కను తలచుకొన్నాడు.

ఇప్పుడు మడచెట్టును దాని పుట్టింట్లో చూడాలి. తెలుగువారి మడ అడవులలో పేరెన్నిక గన్నది కాకినాడ దగ్గర, గోదావరి సముద్రంలో కలిసే చోట వున్న కోరంగి అడవి. ఒకప్పుడు కోరంగి పెద్ద రేవు. అక్కడ ఓడ ఎక్కి బర్మా వెళ్లిన తెలుగువారిని అక్కడివారు కోరంగీలనే పిలిచేవారు. 1839 నవంబరులో వచ్చిన తుపాను ఆ రేవును తుడిచిపెట్టింది. అడవి మాత్రం మిగిలింది. 1978 లో దానిని అభయారణ్యంగా ప్రకటించారు. దాని విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు.

అక్కడ నల్లమడ, తెల్లమడ, ఉప్పుపొన్న, తిల్ల మొదలైన చెట్లు వుంటవి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు వుంటుంది. మన చింతచెట్టుకు ఆ నీరు పోస్తే ఎండిపోతుంది. ఈ చెట్లు ఎట్లా తట్టుకొంటున్నవి? ఉప్పుపొన్న ఉప్పును వేరు దగ్గరనే ఆపుతుంది. నూటికి తొంభై పాళ్లకు పైగా ఉప్పును బయటనే వదలి నీటిని లోపలికి పీల్చుకొంటుంది. మడ జాతి చెట్లకు ఉప్పు కొంత లోపలికి వచ్చినా, ఆకుల మీద సన్నని రంధ్రాల గుండా బయటికి చెమర్చుతవి. ఎండలో ఆ ఆకు మీద ఉప్పు పొడి మెరుస్తూ కనబడుతుంది.

మరొక వింత కూడా చెప్పాలి. ఉప్పుపొన్న గింజ నేల మీద పడి మొలవదు. తల్లి కొమ్మ మీద వుండగానే మొలకెత్తి, మునగకాయలాగా పొడవుగా సాగి వ్రేలాడుతుంది. బాగా పెరిగిన తరువాత రాలి, బురదలో గుచ్చుకొంటుంది. లేదా నీటిలో తేలుతూ దూరం పోయి నాటుకొంటుంది. పుట్టింట్లోనే నడక నేర్చుకొని అత్తవారింటికి వెళ్లే పిల్ల అన్నమాట. తొట్టెలవారు సంపాదించేది ఈ మొలకకాయనే. అమెరికాలో ఆ దేశపు ఎర్రమడ కాయలను అంగళ్లలో అమ్ముతారు.

మడ అడవి నీటిని శుభ్రపరచేమాట నిజమే. కాని ఎట్లా శుభ్రపరుస్తుందో గమనించాలి. రోజుకు రెండుసార్లు పోటు వచ్చి అడవిలోకి నీరు చేరుతుంది, ఆటుతో తిరిగి పోతుంది. అల్లిబిల్లిగా అల్లుకున్న వేళ్లు ఆ నీటి వేగాన్ని తగ్గిస్తవి. వేగం తగ్గగానే ఒండ్రు అడుగుకు దిగుతుంది. ఆ నల్లని బురదలో పై పొరకు క్రింద గాలి తగలదు. గాలి లేని చోట బ్రతికే సూక్ష్మజీవులు నైట్రేటులోని ప్రాణవాయువును వాడుకొని, నత్రజనిని వాయువుగా గాలిలోకి వదలివేస్తవి. నత్రజని విషయంలో నిజమైన పనివాళ్లు ఈ సూక్ష్మజీవులే. చెట్టు వారికి ఇల్లు కట్టి, రాలిన ఆకును ఆహారంగా పెట్టే యజమానురాలు. తన వంతుగా చెట్టు కొంత తింటుంది గాని, బురద లేని మడచెట్టు కూలీలు లేని మేస్త్రీ వంటిది.

అటువంటి చెట్టును తొట్టిలోకి తెస్తే ఏమవుతుందో అంకెలతో చూద్దాము. అంకె అబద్ధమాడదు.

తొట్టిలోని చేపలకు రోజుకు 1 గ్రాము ఎండు మేత వేస్తున్నామనుకొందాము. ఆ మేతలో నూటికి 45 పాళ్లు మాంసకృత్తులు అనుకొంటే, 6.25 తో భాగించగా నత్రజని నూటికి 7 పాళ్లకు పైగా వస్తుంది. అనగా రోజుకు 0.07 గ్రాము. సంవత్సరానికి సుమారు 26 గ్రాములు. ఇందులో చేప ఒంటికి పట్టేది కొంచెమే, మిగతాది నీటిలోకే.

ఇక మడమొక్క. మొలకకాయ మొదటి జత ఆకులు విప్పటానికే నెలలు పడుతుంది. తరువాత కూడా నెమ్మదిగా, జతజతగా ఆకులు వేస్తుంది. సంవత్సరంలో అది ఆకు, వేరు, కాండం కలిపి 20 గ్రాముల ఎండు బరువు పెరిగిందనుకొందాము. అందులో నత్రజని నూటికి ఒక పాలు చొప్పున చూస్తే 0.2 గ్రాము. అంటే ఒక మొక్క యేడాది పొడుగునా తిన్నది, మనం మూడు రోజులలో వేసే మేతతో సమానం! ఆ లెక్కన ఇల్లు నిండా మొక్కలు పెట్టినా యంత్రం పని తీరదు. ఒకటి రెండు వందల లీటర్ల తొట్టికి నాలుగు మడమొక్కలు అందానికి సరిపోతవి, వడపోతకు సరిపోవు.

అందుచేతనే అనుభవం గలవారు నీటిని పీల్చే పనికి మడకంటె వేగంగా పెరిగే సముద్రపు నాచునే వాడతారు. పెద్ద తొట్టి ప్రక్కన చిన్న తొట్టి పెట్టి, దీపం వెలిగించి, అందులో జడలు కట్టే నాచును పెంచుతారు. వారం వారం గుప్పెడు తీసి పారవేస్తారు. వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ ప్రదర్శనశాలలో 1980 లో ప్రజల కోసం తెరచిన పగడపు దిబ్బ తొట్టికి కూడా వడపోత ఈ నాచు పద్ధతిదే. ఆ పద్ధతిని రూపొందించిన శాస్త్రజ్ఞుడు వాల్టర్ ఎడీ. పలకల మీద నాచు పెంచి, దానిని గీకి తీసివేయటమే అందులోని కీలకం.

అంతకు ముందే, 1961 లో, జకార్తా నివాసి లీ చిన్ ఎంగ్ అనే ఆయన ఒక అమెరికా పత్రికలో తన పద్ధతిని ప్రకటించాడు. సముద్రంనుంచి ప్రాణమున్న రాళ్లను తెచ్చి తొట్టిలో పేర్చటం, గాలిబుడగలు వదలటం, ఎండ తగలనీయటం, ఇంతే. రాతి బయట ఒక జాతి సూక్ష్మజీవులు, రాతి కడుపులో గాలి చొరని చోట మరొక జాతి. రెండూ కలిసి పని పూర్తి చేసేవి. మడ అడవి బురదలో జరిగే పనే ఆ రాతిలోనూ జరిగింది.

అయితే మడమొక్క దండుగ అంటామా? అనము. దానిని పెంచదలచినవారు ఈ సంగతులు గుర్తు పెట్టుకోవాలి. మొలకకాయ అడుగుభాగం మాత్రమే ఇసుకలోనో నీటిలోనో వుండాలి, పైమొగ్గ ఎప్పుడూ మునగరాదు. మంచినీటిలో మొలచినదానిని ఒక్కసారిగా ఉప్పునీటిలోకి మార్చరాదు, కొన్ని వారాల మీద ఉప్పు కొంచెం కొంచెం పెంచాలి. పై నుంచి బలమైన వెలుతురు రోజుకు పది పన్నెండు గంటలు కావాలి. ఆకుల మీద పేరుకొన్న ఉప్పునూ దుమ్మునూ అప్పుడప్పుడు మంచినీటితో కడగాలి. చెట్టు పీల్చి ఆకుల గుండా వదిలేది మంచినీరు గనుక తొట్టిలో ఉప్పు చిక్కబడుతుంది. తగ్గిన మేరకు ఉప్పు లేని శుద్ధజలమే పోయాలి. మన కోలారు బోరు నీటిలో సున్నం, ఫ్లోరైడు ఎక్కువ కాబట్టి అది ఈ పనికి పనికిరాదు.

అన్నిటికంటె ముఖ్యమైనది రాలిన ఆకు. దానిని వెంటనే తీసివేయాలి. ఆకు తొట్టిలోనే కుళ్లిందా, చెట్టు నెలల తరబడి తిన్నదంతా తిరిగి నీటి పాలవుతుంది.

చిన్న మనవడికి మాత్రం మేము చెప్పవలసినది వేరు. గూడు కట్టే గట్టి పగడాలన్నిటినీ 2001 లో మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి పట్టికలో చేర్చారు. పులికి యే రక్షణో పగడానికీ అదే. వాటిని సముద్రంనుంచి తీయటం, కొనటం, అమ్మటం నేరం. కోరంగి వంటి అభయారణ్యంలో మొలకకాయ కోయటానికి కూడా అనుమతి కావాలి. అంగడివాడు "ఏమీ కాదండీ" అన్నంతమాత్రాన చట్టం మారదు. అన్నగారు అమెరికాలో తొట్టెలలోనే పెంచిన పగడాలను అక్కడి చట్టప్రకారం కొనుక్కొంటే అది అక్కడి సంగతి. సముద్ర మట్టానికి సుమారు 2,800 అడుగుల ఎత్తున వున్న మన కె.జి.ఎఫ్. ఇంట్లో, ఉప్పునీటిని తయారు చేసుకొని, చట్టం కళ్లు కప్పి పగడం పెంచేకంటె, మంచినీటి తొట్టి పెట్టుకోవటం మేలు. అదే పాఠం అందులోనూ నేర్చుకోవచ్చును.

ఆ పాఠం ఏమిటంటే: చెట్టు నీటిని కడగదు, నీటిలోనిది తింటుంది. తిన్నదానిని తన ఒంట్లో దాచుకొంటుంది. ఆ ఒంటిని కోసి బయట వేస్తేనే నీరు బాగుపడినట్లు. కోయకపోతే, దాచినదంతా వడ్డీతో సహా తిరిగి నీటికే చేరుతుంది.

ఈ పాఠం చేతబట్టుకొని ఇప్పుడు సోదరి ప్రశ్నలోని రెండో భాగానికి వద్దాము.

మన జిల్లాకు యేడాది పొడుగునా పారే నది లేదు. పాలారు వాన నీటి యేరు. అందుకే పెద్దలు వేల చెరువులు తవ్వించారు. కె.జి.ఎఫ్. ఇండ్లకు కొళాయి నీళ్లు వచ్చింది బేతమంగళం చెరువునుంచే. కాలక్రమాన చెరువులు పూడినవి, వానలు తప్పినవి, బోర్లు వెయ్యి అడుగులు దాటినవి. ఆ స్థితిలో బెంగుళూరు మురుగునీటిని కోరమంగల-చల్లఘట్ట లోయలో శుద్ధి చేసి, గొట్టాల ద్వారా మన జిల్లాలోని నూటికి పైగా చెరువులకు పంపే పథకం వచ్చింది. 2018 జూనులో మొదటి నీరు లక్ష్మీసాగర చెరువుకు చేరింది. ఎండిన చెరువులో నీళ్లు చూసి జనం పూజలు చేశారు. మరుసటి నెలలోనే నీటి మీద తెల్లని నురుగు కనబడింది. రైతులు హైకోర్టుకు వెళ్లారు. కోర్టు ఆ నీటిని కొంతకాలం ఆపింది. తరువాత నీరు మళ్లీ వచ్చింది. దానితో బోర్లు లేచిన రైతులూ వున్నారు, అది మూడో దశ శుద్ధి కూడా జరగని నీరని ఆందోళన చేసినవారూ వున్నారు. ఇద్దరి మాటలోనూ నిజం వున్నది.

రెండు దశల శుద్ధి జరిగిన నీరు చూపుకు తేటగా వుంటుంది. కాని తేట వేరు, శుద్ధి వేరు. మన అవ్వలు బురదనీటి కుండలో చిల్లగింజ అరగదీసేవారు. గంటలో బురద అడుగుకు దిగి నీరు తేటపడేది. నీటిలో కరిగిన ఉప్పును మాత్రం చిల్లగింజ తీయలేదు. అట్లాగే రెండు దశలు దాటిన మురుగునీటిలోనూ కరిగిన నత్రజని, భాస్వరం మిగిలే వుంటవి. అది పొలానికి ఎరువు, చెరువుకు నాచు. మనం గాజుతొట్టిలో చూసిన తగవే వంద చెరువులలో చూస్తున్నాము. బెంగుళూరు బెళ్లందూరు చెరువులో ఆ తగవు ఎంత దూరం పోయిందో, 2015 లోనూ 2017 లోనూ నీటి మీద మంటలు లేచినప్పుడు దేశమంతా చూసింది.

మడచెట్లు తెచ్చి మన చెరువులలో నాటమని కాదు మా సలహా. ఉప్పునీటికి మడ యెట్లాగో, మన మంచినీటికి జమ్ము, తుంగ అట్లాగ. జమ్ము వేళ్లు కూడా బురదలో సూక్ష్మజీవులకు ఇల్లు కడతవి. బెంగుళూరు ఉత్తరాన జక్కూరు చెరువులో ఈ ఏర్పాటు చేశారు. శుద్ధి కేంద్రంనుంచి వచ్చిన నీటిని నేరుగా చెరువులోకి వదలక, ముందు జమ్ము పెరిగిన తడినేల గుండా నడిపి, ఆ తరువాత చెరువులోకి పోనిచ్చారు. నీరు ఆ మొక్కల నడుమ నెమ్మదిగా నడిచే లోపల ఎరువు భాగం కొంత తగ్గుతుంది. మన చెరువులకూ నీరు దిగే మూలన అటువంటి జమ్ము మడి ఒకటి వేయటం కాని పని కాదు.

కాని జమ్మును కోసేదెవరు? ఇక్కడ మడ ఆకు లెక్క మళ్లీ వస్తుంది. గుర్రపుడెక్క జమ్మును మించిన తిండిపోతు. నెల తిరక్కముందే చెరువంతా కప్పుతుంది. చూసినవారు "పచ్చగా వుంది" అంటారు. తీయకుండా వదిలితే కుళ్లి, అడుగున చేరి, తిన్నదంతా కక్కి, చేపలకు ప్రాణవాయువు లేకుండా చేస్తుంది. నాటటం పండుగ, కోయటం చాకిరి. ఫోటోలు నాటే రోజున తీస్తారు. చెరువు బ్రతికేది కోసే రోజున.

మన పెద్దలకు ఈ శాస్త్రం పేరు తెలియకపోయినా పని తెలుసును. ఊరి చెరువుకు నీరుగంటి వుండేవాడు. తూము తీయటం, మూయటం, మరవ చూడటం అతని బాధ్యత. ఎండాకాలం చెరువు ఎండగానే రైతులు బండ్లు కట్టి చెరువు మట్టి పొలాలకు తోలుకొనేవారు. యేడాది పొడుగునా ఊరి పశువుల పేడ, చేల ఎరువు, ఆకు అలము కడిగి తెచ్చిన వాన నీరు ఆ అడుగున దాచిన సారమంతా తిరిగి చేలకు పోయేది. చేను బాగుపడేది, చెరువు లోతయ్యేది. జమ్ము కోసి చాపలు నేసేవారు. చెరువునుంచి ప్రతి యేడూ ఏదో ఒకటి బయటికి పోతూనే వుండేది. గాజుతొట్టిలో వారానికి గుప్పెడు నాచు తీయటమూ, చెరువులో మట్టి తోలటమూ ఒకే పని. మట్టి తోలటం మానిన ఊరి చెరువు ఆకు తీయని తొట్టితో సమానం.

నీటిని ప్రకృతి చేత వడకట్టించటం మన ప్రాంతం వారికి చేతగాని విద్య కాదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు పుట్టిన ముద్దేనహళ్లి అప్పట్లో కోలారు జిల్లాలోనిది. 2007 లో చిక్కబళ్లాపురం జిల్లా వేరుపడినప్పుడు అందులో చేరింది. ఆయన 1890లలో సింధులోని సుక్కూరు పట్టణానికి నీటి ఏర్పాటు చేయవలసి వచ్చింది. సింధునది నీరు బురదమయం. వడపోత తొట్టెలు కట్టటానికి మునిసిపాలిటీ దగ్గర డబ్బు లేదు. ఆయన నది గర్భంలోనే బావి తవ్వించి, ఇసుక గుండా ఊరి వచ్చిన తేట నీటిని సొరంగం ద్వారా పంపుల దగ్గరకు చేర్చారు. ఇసుక ఏమి చేయగలదో, ఏమి చేయలేదో తెలిసిన మనిషి గనుక ఆ పథకం నెగ్గింది.

చేయలేనిదీ చెప్పుకోవాలి. మొక్క తినేది తన ఆహారమే. సబ్బు నురుగు, మందుల అవశేషాలు, కర్మాగారాల లోహాలు మొక్క దయ మీద వదలదగినవి కావు. కొన్ని లోహాలను మొక్క పీల్చినా, అవి మొక్కలోనే వుంటవి, మాయం కావు. మన గనుల దగ్గర సైనైడు దిబ్బలు చూస్తున్నాము. 2001 ఫిబ్రవరిలో గనులు మూతపడినవి గాని దిబ్బలు కదలలేదు, గాలికి ఆ దుమ్ము ఇండ్ల మీద పడటమూ మానలేదు. మొక్కలు నాటితే వేళ్లు దుమ్మును పట్టి వుంచవచ్చు. దిబ్బను తినివేయలేవు. నగరపు మురుగునీటి విషయమూ అంతే. యంత్రం చేయవలసిన పని యంత్రం చేత చేయించి, మిగిలిన ఎరువును మాత్రమే మొక్కకు వదలాలి. జమ్ము వేశాము గనుక మూడో దశ శుద్ధి అక్కరలేదని ఎవరైనా అంటే, మడమొక్క నాటాను గనుక యంత్రం తీసేస్తానన్న మన అమెరికా కుర్రవాడి మాటకూ దానికీ తేడా లేదు.

సోదరికి మా జవాబు ఇది. పెద్ద మనవడిని యంత్రం తీయవద్దనండి, మడమొక్కను ముచ్చటకు వుంచుకోమనండి, రాలిన ఆకు ఏరమనండి. చిన్న మనవడికి ఒక పని అప్పగించండి. రెండు బకెట్లలో బియ్యం కడిగిన నీళ్లూ మామూలు నీళ్లూ సమంగా కలిపి పోసి, రెంటిలోనూ నాలుగేసి గుర్రపుడెక్క మొక్కలు వేయాలి. దోమలు గ్రుడ్లు పెట్టకుండా పైన సన్నని వల కట్టాలి. వారానికి ఒకసారి రెంటిలోనూ చెంబెడు బియ్యం నీళ్లు పోయాలి. ఒక బకెట్‌లో పెరిగినదానిలో సగం వారం వారం తీసి పూలమొక్కల పాదులో వేయాలి. రెండోదానిని ముట్టుకోకూడదు. రెండు నెలల తరువాత రెండు బకెట్ల నీళ్లూ చూసి, వాసన చూసి, ఏది ఎట్లా వుందో మాకు వ్రాయమనండి. పని అయిన తరువాత ఆ మొక్కలను ఎండబెట్టి పారవేయాలే గాని, చెరువులో మాత్రం వేయకూడదు.

పల్లెలలో వున్న మన కుటుంబాలవారికి రెండు మాటలు. మీ ఊరి చెరువుకు నగరపు నీరు వస్తుంటే, పంచాయతీలో "ఎన్ని మొక్కలు నాటారు?" అని కాక "ఈ యేడు ఎన్ని బండ్లు తీశారు?" అని అడగండి. ఆ నీరు చేరే చెరువు మట్టినీ, అందులోని గడ్డినీ పరీక్ష చేయించనిదే కూరగాయల మడికి తోలవద్దు, పశువుకు వేయవద్దు. పరీక్షలో లోహాలు లేవని తేలితే ఆ మట్టి నిజంగా బంగారమే. అది గనిలో దిగకుండా దొరికే బంగారం, పారతో ఎత్తుకోవటమే తరువాయి.